అందరికీ పాడినట్టు

మా నాంపల్లి గల్లీలో ఫ్లోరక్కతో మాట్లాడాలంటే ముందు ఆమె ఎదురుగా వచ్చి నిలబడాలి. వెనక నుంచి ఎంత అరిచినా గోడకు చెప్పినట్టే. కూతురు మాబెల్ చంకలో పిల్లగా ఉన్నప్పుడు ఈమెకు క్షయ పట్టుకుంది. దవాఖానలో వేసిన సూదులతో ప్రాణం దక్కింది, చెవులు పోయాయి. మొగుడు అంతకు ముందే కాలం చేశాడు. అబిడ్స్‌లోని బట్టల దుకాణానికి గౌన్లు కుట్టి కుట్టి కూతుర్ని టీచర్ని చేసింది. మన పెదాలు చూసి మాట పట్టేస్తుంది. నేను వక్కపొడి నములుతూ మాట్లాడితే "మింగి చెప్పు పద్మమ్మా!" అని కసిరేది. ఆమె కిటికీ ఎదురుగా నిలబడి ఎవరి మీదా చాడీలు చెప్పుకోలేకపోయేవాళ్లం, అదొక బాధ!

డెబ్బై ఎనిమిదిలో మా ఆయన శ్రీపతిగారు టీవీ కొన్నారు. అప్పట్నుంచి ఇల్లు నాది కాకుండా పోయింది. ఆదివారమొస్తే గల్లీ అంతా మా ముందుగదిలోనే. పైగా ఆ పాడు పెట్టెకు ఒక రోగం. వేడెక్కితే బొమ్మ పోయేది, మాట మాత్రం వచ్చేది. ఆపి చల్లారనిస్తే మళ్లీ బొమ్మ వచ్చేది. మెకానిక్ వచ్చి చూసినంతసేపూ బుద్ధిగా ఆడేది. అతను సందు మలుపు తిరిగాడో లేదో మళ్లీ మొదలు.

ఒకరోజు ఫ్లోరక్క బ్లౌజుకు సూది గుచ్చుకునే పరుగెత్తుకొచ్చింది.

"మా మాబెల్ టీవీల పాడుతది పద్మమ్మా! టీవీల మొహం గింత పెద్దగ చూపిస్తరట గద?"

"చూపిస్తారు. ఎందుకక్కా, ఇంట్లో పాడమంటే పాడదా?"

"పాడుతది. నా ముందర పాడితే చెవిటిదానికని ఒక్కో మాట విడదీసి పాడుతది. గది పాటనా, బడిల పాఠం! చర్చిల పాడితే పుస్తకం మొహానికి అడ్డం. అందరికి ఎట్ల పాడుతదో గట్ల నేనొక్కసారి చూడాలె."

"మా ఇంటికి రా అక్కా, ముందు కుర్చీ నీదే" అన్నాను.

పాట వచ్చే రోజు సాయంత్రం ఫ్లోరక్క ఇస్త్రీ చీర కట్టుకొని, కళ్లద్దాలు తుడుచుకొని ముందు కుర్చీలో కూర్చుంది. మా ఆయన మర్యాద కొద్దీ మధ్యాహ్నమే టీవీ పెట్టేశారు.

"ఏమండీ, పాట టైముకు పెట్టండి, వేడెక్కుతుంది" అని మొత్తుకున్నాను.

"ఆఖర్ల పెడితే అసలే రాకుంటే? నువ్వు ఫికర్ చెయ్యకు."

నా మాట ఎప్పుడు విన్నారు గనక!

మాబెల్ పేరు చెప్పారు. తెర మీద ఆ పిల్ల భుజాలు కనిపించాయి, గడ్డం కనిపించింది. అంతే, బొమ్మ ముడుచుకొని పోయింది. నల్లటి తెర వెనక మాబెల్ హాయిగా పాట ఎత్తుకుంది.

మా ఆయన మేడ మీదికి పరుగెత్తి ఏంటెనా తిప్పడం మొదలుపెట్టారు. మాట గణగణ వినిపిస్తుంటే ఏంటెనాకేం రోగం! "వచ్చిందా?" అని పైనుంచి ఆయన. "రాలే!" అని కింద నుంచి పక్కింటి వెంకటేశం. వెంకటేశం పెట్టె నెత్తిన నాలుగు మొట్టాడు. ఆపుదామంటే, అది చల్లారేసరికి పాటే అయిపోతుంది.

"షురూ అయిందా? పాడుతున్నదా?" అని ఫ్లోరక్క అడుగుతోంది.

ఎవరూ ఆమె వైపు తిరగలేదు. ఎదురింటి అహల్య మాత్రం పాటకు తల ఊపుతూ కూర్చుంది. ఫ్లోరక్క ఆ తలనే చూసింది. చూసి, చీర కొంగు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

నాకు ఉండబట్టలేదు. వెళ్లి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. పెట్టెలోంచి మాట రావడం, నేను పెదాలతో అనడం. నాకు పాటంటే ఏం తెలుసు, జోలపాట కూడా సరిగ్గా రాదు. అయినా ఒక్క మాట కూడా పోనీయకుండా పలికాను. ఫ్లోరక్క కాసేపు నా నోటినే చూసింది. తర్వాత మెల్లగా నా గడ్డం పట్టుకొని ఆపింది.

"చాలు తియ్యమ్మా. నువ్వు గూడ విడదీసే పాడుతున్నవ్."

పాట అయిపోయింది. అహల్య చప్పట్లు కొట్టబోయి ఊరుకుంది. మా ఆయన కిందికి దిగి, విసురుగా స్విచ్ ఆపేశారు. ఎవరూ లేవలేదు, ఏమని లేస్తాం? కాసేపటికి ఆయన ఊరికే ఉండలేక మళ్లీ పెట్టారు.

బొమ్మ వచ్చింది. దాని మొహం మండ, అద్దంలా వచ్చింది! రైతుల కార్యక్రమం. తెర నిండా ఒక పెద్దమనిషి మొహం, గబగబా మాట్లాడేస్తున్నాడు. ఫ్లోరక్క అలవాటు కొద్దీ ముందుకు వంగింది.

"యూరియా అంత ఒక్కసారే చల్లొద్దంటున్నడు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఒక్క మాట గూడ విడదీస్తలేడు పద్మమ్మా. అయినా నాకంత సమజైతున్నది."