చరిత్రకు బిట్ బ్యాంక్

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, సింగపూర్‌లోని ఒక పాత ఇంగ్లీషు సెకండరీ స్కూల్లో నన్ను అడ్మిషన్ల రిజిస్ట్రారుగా వేశారు. పెద్ద హోదా అనుకునేరు. దరఖాస్తులు సరిచూడటం, వెయిటింగ్ లిస్టు నడపడం, ఇంటర్వ్యూలో ప్రిన్సిపాల్ పక్కన కూర్చుని నోట్సు రాయడం, అంతే. కొత్తగా వచ్చే తల్లిదండ్రుల కోసం స్కూలు చరిత్ర మీద చిన్న పుస్తకం రాసే పని కూడా నా నెత్తినే పడింది. ముచ్చటపడి రాశాను. ‘స్థాపించిన నాటి నుంచి మా బడి గంట ఒక్కరోజు కూడా ఆగలేదు’ అన్న వాక్యం చూసుకుని రెండు రోజులు మురిసిపోయాను.

ఆ సంవత్సరం ఏడో తరగతిలో ఒక్క సీటే మిగిలింది. ఊరి శివారు సెంగ్‌కాంగ్‌లో ఉండే లాస్య అనే అమ్మాయికి ఇంటర్వ్యూ పడింది. వాళ్ల నాన్న రమేష్ భీమవరం వైపు నుంచి వచ్చిన ఇంజనీరు. “ఆంటీ, ఇంటర్వ్యూకి సిలబస్ ఏంటండీ?” అని ఫోన్ చేశాడు. సిలబస్ ఏమీ లేదు, మా చరిత్ర పుస్తకం ఒకసారి తిరగేయమనండి అన్నాను. అందరికీ చెప్పే మాటే. అదే కొంప ముంచింది.

రమేష్ నా పుస్తకం నుంచి ఏకంగా బిట్ బ్యాంక్ తయారుచేశాడు. ఖాళీలు పూరించండి, జతపరచండి, మన పదో తరగతి పిల్లలకు చేసినట్టే. ఎల్‌ఆర్‌టీ రైల్లో వెళ్తూ వస్తూ కూతురి చేత అప్పజెప్పించుకున్నాడట.

ఇంటర్వ్యూ సమయంలో తల్లిదండ్రులు బయట కూర్చోవాలన్నది మా నియమం. “ఈ స్కూలే ఎందుకు?” అని ప్రిన్సిపాల్ అడిగాడు. లాస్య పైకప్పు వైపు చూస్తూ, స్థాపకుడు పుట్టిన ఊరి దగ్గర మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది. అద్దం తలుపు అవతల రమేష్ పెదవులు కూడా కదులుతున్నాయి. మా ప్రిన్సిపాల్‌కు బట్టీ అంటే ఒళ్లుమంట. ‘శిక్షణ ఇప్పించారు’ అని రాయమని నాకు మెల్లగా చెప్పాడు. ఆ రెండు మాటలు పడితే ఫైలు అడుక్కి పోతుంది. నేను రాశాను. చాలా బాధేసింది. చదవమని చెప్పింది నేనే కదా!

చివర్లో మర్యాద కోసం “నీకేమైనా అడగాలని ఉందా?” అన్నాడు ప్రిన్సిపాల్. పిల్లలు మామూలుగా క్యాంటీన్ గురించి అడుగుతారు.

లాస్య మొదటిసారి మా మొహాల్లోకి చూసింది. “వార్ టైమ్ ఆల్సో గాట్ బెల్ మే, సర్?” అంది. యుద్ధంలో కూడా గంట కొట్టారా అని ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో దాని అర్థం. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లు వచ్చినప్పుడు చాలా బడులు మూతపడ్డాయని ప్రైమరీలో టీచర్ చెప్పారట. డాడీని అడిగితే పుస్తకంలో ఉన్నదే చెప్పమన్నారట.

బయట రమేష్ పెదవులు ఆగిపోయాయి. ఈ ప్రశ్న ఆయన బిట్లలో లేదు.

ప్రిన్సిపాల్ నా వైపు తిరిగాడు. ఏదో అందం కోసం అలా రాశానని సర్దిచెప్పి తప్పించుకోవచ్చు. కానీ పుస్తకం రాసేటప్పుడే పాత అడ్మిషన్ రిజిస్టరు నేను కళ్లారా చూశాను. యుద్ధం జరిగిన ఏళ్లలో ఒక్క పేరూ లేదు. అయినా వాక్యం బాగుందని ఉంచేశాను.

“అమ్మాయి చెప్పిందే నిజం. తప్పు నాది” అన్నాను.

ప్రిన్సిపాల్ పగలబడి నవ్వాడు. నేను రాసింది కొట్టేయించి తనే ఒక వాక్యం రాశాడు: ‘పుస్తకాన్ని నమ్మలేదు, చేర్చుకోండి.’

బయటికి రాగానే రమేష్ కంగారుగా ఎదురొచ్చాడు. “అవుట్ ఆఫ్ సిలబస్ అడిగేశారాండీ ఆంటీ? సీటు పోయినట్టేనా?”

అడిగింది మేం కాదు, మీ అమ్మాయే అన్నాను.

“ఐ టోల్డ్ యూ లా, డాడీ” అంది లాస్య.

మర్యాదకు అడిగే ఆ ఆఖరి ప్రశ్నను నేను రిటైరయ్యేదాకా అన్ని ఇంటర్వ్యూల్లోనూ మొదటే అడిగించాను. పుస్తకం రెండో ముద్రణలో, యుద్ధకాలంలో స్కూలు మూతపడిందని రాశాను. ఆ వాక్యాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. ఎవరూ తప్పు పట్టనూ లేదు.