ఎవరూ లేవమనని చోటు

నా చిన్నప్పుడు మాకు సొంతిల్లు ఉండేది కాదు. నర్సీపట్నంలో ఒకరింటి పెరటి వాటాలో అద్దెకుండేవాళ్లం. అద్దె ఇంట్లో పురుడు రాకూడదు, ప్రాణం పోకూడదు. ఆ రోజుల్లో ఎవరూ పైకి చెప్పనక్కర్లేని షరతు అది. అందుకే నా తమ్ముడు వేరెవరిదో పశువుల పాకలో పుట్టాడు. అప్పట్నుంచి మా నాయనమ్మ ఇల్లు, ఇల్లు అని నాన్న వెంటపడింది.

బలిఘట్టం దారిలో నాన్న కాస్త జాగా సంపాదించాడు. వేసవంతా, కొట్లో పని ముగించుకొచ్చి అమ్మతో కలిసి మట్టి తొక్కేవాడు. నాయనమ్మ తడిచేత్తో గోడలు నునుపు చేసేది. ఆషాఢం వచ్చేసరికి గోడలు లేచాయి, వాసాలు పడ్డాయి. ఇక తాటాకు కప్పి, శ్రావణంలో గృహప్రవేశం చేద్దామనుకుంటుండగా నాయనమ్మ మంచం పట్టింది.

ఇక ఆశ లేదని వైద్యుడు చెప్పి వెళ్లిన ఉదయమే ఇంటావిడ మా గుమ్మం దగ్గరకొచ్చింది. నెలలు నిండిన కోడలు ఆవిడ వెనకే నిలబడి ఉంది.

"ఏటనుకోకండమ్మా, మా పిల్ల నీలాడే నెల. ముసలమ్మగారిని బేగి తీసుకెల్లిపోండి" అంటూ ఆవిడే ఏడ్చింది. కోపం తెచ్చుకోవడానికి కూడా మాకు వీల్లేకపోయింది.

మంచం ఒక కొస నాన్న పట్టుకున్నాడు. రెండో కొస పట్టడానికి వీధిలో ఎవరూ ముందుకు రాలేదు. పక్కవాటా అత్త ఒక్కతే కొంగు బిగించి వచ్చింది. కప్పులేని ఆ ఇంట్లో మంచం దించేసరికి తుంపర మొదలైంది. అత్త తాటాకు గొడుగు తెచ్చి నాయనమ్మ ముఖానికి అడ్డంగా పట్టుకుని, తాను తడుస్తూ నిలబడిపోయింది.

నాయనమ్మ కళ్లు తెరిచి గోడల వంక చూసింది.

"ఇక్కణ్నుంచి ఎవులూ లెగమనరు కదరా?" అంది.

"అనరమ్మా. ఇది మనదే" అన్నాడు నాన్న.

మధ్యాహ్నానికి ఆమె వెళ్లిపోయింది.

చెడు నక్షత్రంలో పోయిందనీ, ఆ ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలనీ పెద్దలు తేల్చారు. మేమింకా పొయ్యి కూడా వెలిగించని మా సొంతింట్లోంచి మమ్మల్నే పొమ్మన్నారు. పాడుపెట్టిన ఇల్లెక్కి కప్పు వెయ్యడానికి పనివాళ్లెవరూ ఒప్పుకోలేదు. ఆ వానల్లో గోడలు కరిగి మట్టిదిబ్బయ్యాయి. నాన్న మళ్లీ ఇంటి మాట ఎత్తలేదు. చివరికి ప్రాణం పోయే వేళ ఆయన్ని కూడా ఒకరి గుమ్మం దాటించి వీధిలోనే దించాల్సి వచ్చింది.

నాకు పెళ్లయిన చాలా ఏళ్లకు ఒక ఇల్లు అమరింది. ఒక వాటా అద్దెకిచ్చాం. అందులో పసిబిడ్డలు పుట్టారు, ఒక పెద్దాయన కన్నుమూశాడు. ఊరు ఏమనుకున్నా నేనెవరినీ లేవమనలేదు. అయినా, నాన్న ఆ రోజు నాయనమ్మకిచ్చిన మాట మా బతుకుల్లో నిలవలేదన్న దిగులు, ఇంత వయసొచ్చినా నన్ను వదల్లేదు.