సరుగుడు మొక్కలకు పెట్టిన సారె

1984 ఫిబ్రవరి 6, సోమవారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు మట్టి నింపిన మొదటి ప్లాస్టిక్ సంచిలో మొదటి సరుగుడు మొక్కను నాటాము. సాయంత్రం నాలుగూ నలభైకి పన్నెండు వందలవది నాటాము. వరుసకు ముప్పై చొప్పున నలభై వరుసలు.

ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగుల కోసం కడుతున్న ఉక్కు నగరం అప్పటికి సగం లేచిన గోడలు, సగం ఎర్రమట్టి గుట్టలు. క్వార్టర్ల రోడ్ల పక్కన నాటవలసిన మొక్కలను పెంచే నర్సరీ నా పర్యవేక్షణలో ఉండేది. నలుగురు ఆడవాళ్లు రోజుకూలికి పనిచేసేవారు. జూలై మొదటి పనిదినానికి తొమ్మిది వందల మొక్కలు మోకాలెత్తు రావాలని, రాకపోతే బయటినుంచి తెప్పించుకుని నర్సరీ మూసివేస్తామని పై అధికారి స్పష్టంగా చెప్పాడు. మూసివేస్తే నాకు ఏదో ఒక ఆఫీసులో మరో కుర్చీ వేస్తారు. ఆ నలుగురికీ మరో పని లేదు.

అంతకుముందు ఏడాది నారుకుళ్లు తెగులు వచ్చి సగం మొక్కలు పోయాయి. అందుకని ఈసారి మట్టిని రెండుమార్లు జల్లెడ పట్టించి, సలసల కాగిన నీళ్లు పోయించి, టార్పాలిన్ల మీద మూడు రోజులు ఎండబెట్టించాను. పనివాళ్లలో పెద్దామె సముద్రపొడ్డు పల్లెకు చెందిన రైతు కుటుంబపు మనిషి. ఆమె నడుముమీద చేయి వేసుకుని చూసింది.

"ఏటి బాబూ, మట్టికి టీ కాసి పోత్తన్నారేటి?"

మిగతా ముగ్గురూ నవ్వారు. ఆ మట్టిలో ఇక ఏ జీవమూ లేదని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. ఆ వాక్యం అక్షరాలా నిజం.

మార్చి చివరికి మొక్కలు పసుపుపచ్చబడ్డాయి. ఎత్తు రెండున్నర అంగుళాల దగ్గర ఆగిపోయింది. నీళ్లు పెంచాను, తగ్గించాను, నీడ కట్టించాను. రోజూ ఉదయం రెండేసి వరుసలు రేకు స్కేలుతో కొలిచి పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

"స్కేలెట్టి కొలిత్తే ఎదుగుతాయేటి బాబూ?" అనేది పెద్దామె.

ఏప్రిల్ 9న పదిహేడు, పద్దెనిమిది వరుసలు మాత్రం పచ్చగా, అయిదంగుళాలు దాటి ఉండటం గమనించాను. ఒక సంచి చింపి చూశాను. వేళ్లనిండా సాలెపోగుల వంటి తెల్లని దారాలు! తెగులు మళ్లీ వచ్చిందనుకున్నాను. ఆ రెండు వరుసలూ పారేయమన్నాను. తొమ్మిది సంచులు గోతిలో పడేసరికి పెద్దామె వచ్చి వరుసకు అడ్డంగా చతికిలబడింది.

"బాగున్నోటిని పారేసి, సచ్చిపోతన్నోటిని ఉంచుతారేటి? ఇదేటి నాయం బాబూ?"

"బూజు పట్టిందమ్మా. మిగతావాటికి అంటుకుంటుంది."

"అంటుకుంటే మంచిదే. ఆటిలో మా ఊరి తోట మన్ను నానే ఏసీసినాను. పిల్లని అత్తోరింటికి అంపినపుడు సారె ఎట్టకుండా అంపుతామేటి? సరుగుడికీ అంతే. తల్లితోట మన్ను తెచ్చి గుప్పెడు ఎయ్యాల. మీరు కోప్పడతారని సెప్పలేదు."

కోపం వచ్చిన మాట నిజం. కానీ చేతిలోని పుస్తకంలో రెండు వరుసల అంకెలు ఒక మాట, ముప్పై ఎనిమిది వరుసల అంకెలు మరొక మాట చెబుతున్నాయి. పుస్తకం మూసి, "ఎన్ని తట్టలు కావాలి?" అని అడిగాను.

"ఆరు. తోటకి మీరూ రండి. కొలుసుకోడానికి స్కేలు కూడా అట్టుకురండి."

మర్నాడు పనివాళ్లను దింపి తిరిగి వెళ్లే లారీలో ఆమె ఊరి తోటకు వెళ్లాము. ఆమె ఎండు సూదులాకులు పక్కకు తీసి, ఇసుకమట్టిని పిడికిట పట్టి వాసన చూసి, నచ్చకపోతే మరో చోటికి జరిగేది. వానాకాలంలో పుట్టగొడుగులు లేచిన చోట్లే ఆమెకు నచ్చాయి. మట్టి తీసిన ప్రతి గుంటలోనూ చెంబెడు నీళ్లు పోసింది. ఎందుకని అడిగితే, "ఊరకే తెచ్చేత్తామేటి?" అంది.

ఆ సాయంత్రానికల్లా ప్రతి సంచికీ గుప్పెడు మట్టి అందింది. మే రెండో వారానికి పసుపు విరిగి ఆకుపచ్చ తిరిగింది.

వృక్షశాస్త్రం బోధించే మిత్రుడికి జాబు రాస్తే రెండు పేజీల సమాధానం వచ్చింది. భోజనాల వేళ చదివి వినిపించాను. ఆ దారాలు ఒక జాతి శిలీంధ్రానివి. వేరు చేరలేనంత దూరం పాకి నీటినీ, మట్టిలోని సారాన్నీ తెచ్చి చెట్టుకిస్తాయి. చెట్టు తన ఆకుల్లో వండిన చక్కెరలో వాటికి వాటా పెడుతుంది. నేను పోయించిన వేడినీళ్లు తెగులుతోపాటు వాటినీ చంపేశాయి.

"అయితే ఆ బూజు ఇల్లరికపల్లుడన్నమాట!" అంది ఒకామె.

"ఇల్లరికపల్లుడు నీళ్లు మోత్తాడేటే?" అంది మరొకామె.

పెద్దామె కూర కలుపుకుంటూ, "ఆయన సదువుకుని సెప్పినాడు, మాయత్త సదవకుండానే సెప్పింది," అని తేల్చేసింది.

జూలై ఒకటి ఆదివారం. రెండో తేదీ ఉదయం అధికారి వచ్చి ఒక్కో వరుసా నడిచాడు. అనుమానం వచ్చిన మొక్కల పక్కన తన మోకాలు ఆనించి చూశాడు. మెచ్చుకోలేదు. "వచ్చే ఏడాదికి ఎన్ని పెంచగలరో రాసివ్వండి," అని జీపెక్కాడు. జీపు మలుపు తిరిగేదాకా ఆగి, నలుగురూ ఒక్కసారిగా నవ్వారు.

ఆ రాత్రి డైరీలో రాసుకున్న లెక్క ఇది. నాటినవి 1200. తోటమట్టి అందకముందే చచ్చినవి 197. నా మాటమీద గోతిలో పడినవి 9. మోకాలెత్తు రానివి 48. రోడ్ల పక్కకు వెళ్లినవి 946. మానేసినది, మట్టికి వేడినీళ్లు. పనిలో మిగిలినవారు, నలుగురికి నలుగురు.