నెమలీక పెట్టని బిడ్డ

మా డ్రాయింగు టీచరమ్మ పోయిన మంగళవారం చిత్తూరులో కన్నుమూశారు. పరామర్శకు వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "పాపం, ఆయమ్మకు కడుపు పండలేదు గదా, అందుకే బతుకంతా తల్లీబిడ్డల బొమ్మలు గీసుకునింది." నాకు ఒళ్లు మండింది. గోపురం మీద ఏనుగులు చెక్కిన శిల్పి, ఇంట్లో ఏనుగు లేదనా చెక్కాడు? కళ్లెదుట ఉన్న తల్లిని ఎవరూ చూడరని కోపం వచ్చి గీశారామె.

మేం ఆమె దగ్గర చదువుకున్నది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. మద్రాసు నుంచి పాస్టెల్ రంగులు రావడం తగ్గిపోయింది. గోరంత ముక్కలను కూడా ఆమె దూదిలో చుట్టి దాచుకునేవారు. పాస్టెల్ అంటే సుద్దలాంటి రంగు, వేలు తగిలితే చెదిరిపోతుంది. అందుకే ఆమె బొమ్మ చూడాలంటే మేం చేతులు వెనక్కి కట్టుకోవాల్సిందే. "సూడండి, ముట్టొద్దండి" అనేవారు.

ఆ ఏడు మా ఆడపిల్లల బడికి కొత్త గది కడుతున్నారు. ఇటుకలు మోసే మునెమ్మ మధ్యాహ్నం గోడ నీడన కూర్చుని బిడ్డకు పాలిచ్చేది. టీచరమ్మ ఎదురుగా కూర్చుని ఆమెను గీశారు. జుట్టు నిండా ఇటుకపొడి, మోకాలి దగ్గర చిరిగిన చీర, కొంగును పిడికిట పట్టుకున్న బిడ్డ. ఆ బొమ్మను బడి ప్రదర్శనలో పెడితే కమిటీ పెద్దాయన మొహం చిట్లించాడు.

"బిడ్డ నెత్తిన ఒక నెమలీక గీసెయ్యమ్మా. యశోదాకృష్ణులని చెప్పుకుందాం. అందరూ దండం పెట్టుకుంటారు."

"ఈమె యశోద కాదు సార్, మునెమ్మ. నెమలీక పెడితే ఈ బిడ్డ యాడికి పోవాల?"

"కూలిదాని బొమ్మకు ఈడ చోటు లేదు. నీ ఉద్యోగం సంగతి కూడా సూసుకో."

"సూసుకుంటాలెండి."

టీచరమ్మ ఆ బొమ్మను దింపి, బడి గేటు బయట కుర్చీ వేసి దాని మీద నిలబెట్టారు. ఎండలో పక్కనే నిలుచున్నారు. నేనూ నిలుచున్నాను. ఆ నెలతోనే ఆమె ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఇంటి దగ్గర పిల్లలకు బొమ్మలు నేర్పి బతికారు గానీ, ఎవరు అడిగినా నెమలీక మాత్రం గీయలేదు. ఆ మనిషినా వీళ్లు పాపం అనేది!

ఆ రోజు గేటు దగ్గర జనం గుమిగూడారు. కాసేపటికి మునెమ్మ బిడ్డను చంకనేసుకుని వచ్చింది. బొమ్మ చూసి బిత్తరపోయింది.

"ఇంతమంది సూస్తా ఉండారే, నా బిడ్డకు దిష్టి తగల్దా అమ్మా?"

చంకలో బిడ్డ బుగ్గ మీది కాటుకను వేలికి అద్దుకుని, బొమ్మలో బిడ్డ బుగ్గన గట్టిగా పెట్టేసింది. రంగు చెదిరింది. నేను అయ్యో అంటూ ముందుకు పోతే టీచరమ్మ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీమ్మే. వాళ్లమ్మ పెట్టినాది."

టీచరమ్మ నాకిచ్చిన ఆ బొమ్మ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. గులాబి రంగు బుగ్గ మీద నల్లటి చుక్క, అందులో మునెమ్మ వేలి గీతలు.