అరుగు దిగిన నాయనమ్మ

నా చిన్నప్పుడు మా ఇంటి అరుగుకు అయిదు మెట్లుండేవి. అనంతగిరి కొండల్లో అంత ఎత్తు అరుగు మరొకటి లేదు. కొండ ఊళ్ల మీద మా తాతలు చేసిన ముఠాదారీ పెత్తనం పోయింది, భూములు పోయాయి, పైకప్పు పెంకులు కూడా జారిపోతున్నాయి. అయినా గూడేల వాళ్లు ఆ మెట్లు ఎక్కేవారు కారు. ఎక్కకూడదన్నది తాతల నాటి కట్టడి. అది మాకు దక్కాల్సిన మర్యాదే అని నేనూ అనుకునేదాన్ని.

నెలకోసారి కొండ దిగువ ఆసుపత్రి నుంచి నర్సమ్మ వచ్చి, ఆ అరుగు మీదే కుర్చీ వేసుకుని గర్భిణులను చూసేది. బజారు వీధి ఆడవాళ్లు వచ్చేవారు. గూడెం ఆడవాళ్ల పేర్లకు ఎదురుగా 'రాలేదు' అని రాసుకుని వెళ్లిపోయేది.

ఒకరోజు నెలలు నిండుతున్న గూడెం అక్క ఒకామె మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. పాదాలు వాచి, ముఖం ఉబ్బి ఉంది. నేను స్తంభం పక్క నుంచి, "అక్కడే ఉండు, పైకి రాకు" అన్నాను. నర్సమ్మ రిజిస్టరులోంచి తలెత్తకుండానే, "రమ్మంటే రారు, వచ్చినా ఎక్కరు. వీళ్లకెంత చెప్పినా అంతే" అంది. ఆ అక్క వెనక్కి తిరిగింది.

అప్పుడు లోపలి నుంచి మా నాయనమ్మ వచ్చింది. పరాయివాళ్ల ముందు వాకిట్లో అడుగు పెట్టని మనిషి. అయిదు మెట్లూ దిగి, మట్టిలో చతికిలబడి, నడుము పట్టుకుంది.

"నర్సమ్మా, నడుం పట్టేసిందే! మెట్లెక్కలేను. బేగి ఇలా రా!"

నర్సమ్మ సంచీతో పరుగున దిగింది. నాయనమ్మ ఆ అక్క చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టింది. "నాది తరవాత సూద్దువు. ముందీ గుంటని సూడు."

బీపీ చూసిన నర్సమ్మ ముఖం మారిపోయింది. సంతకు వచ్చిన జీపును ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లింది. తల్లీ బిడ్డా దక్కారు.

సాయంత్రం నడుం నొప్పి తగ్గిందా అని అడిగాను. "నొప్పేటే, నీ మొహం! ఆ మెట్లు కట్టింది మనం, ఆళ్లు కాదు. దిగాల్సింది మనమే" అంది. ఆ తరువాత నర్సమ్మ కుర్చీ వాకిట్లోనే పడింది. గూడెం ఆడవాళ్లు రాసాగారు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఆ ఇల్లు లేదు. ఒకరి ముందు తల వంచడం నాకు ఈనాటికీ చేతకాదు. అయితే ఏ వైద్య శిబిరం దగ్గరైనా కొండ మీది గర్భిణులు బయట నిలబడి ఉంటే, నేను లోపల కూర్చోను. వెళ్లి వాళ్ల పక్కన నిలబడి, లోపలి డాక్టర్లను పేరు పెట్టి పిలుస్తాను. వాళ్లు బయటికి వచ్చేదాకా కదలను.