దేశం కోసం కిరసనాయిలు మానేశాను

అరబ్బు దేశాలు చమురు బిగబట్టినప్పటి నుంచి మా ఆళ్లగడ్డ రేషన్ షాపు ముందు ఖాళీ డబ్బాలే వరసలో నిలబడుతున్నాయి, మనుషులు నీడన కూర్చుంటున్నారు. ఈరోజు నా డబ్బా బాగా వెనకబడింది. ఇంట్లో స్టవ్వు నిన్ననే ఆరిపోయింది. షాపులో కిరసనాయిలు పీపా అడుగంటేలోపు ముందున్నవాళ్లను సాగనంపాలని అరుగెక్కి ఉపన్యాసం అందుకున్నాను.

"నూనె ఆపి మనల్ని బెదిరిస్తాండారు. ఈ వారం మనం కిరసనాయిలు కొనకుంటే వాళ్లే దిగొస్తారు. దేశం కోసం డబ్బాలు తీసుకోని ఇండ్లకు పోండప్పా."

అందరూ చప్పట్లు కొట్టారు, ఒక్కరూ లేవలేదు. నా వెనక డబ్బా పెట్టిన సుబ్బమ్మవ్వ మాత్రం లేచి, నా డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"శానా బాగా చెప్తివి నాయనా. మొదట నువ్వు పో, నీ ఎనకాలే మేమొస్తాం."

అంటూనే తన డబ్బాను కాలితో ఆ ఖాళీలోకి జరిపింది. అంత చెప్పాక నేను ఉండేదెట్లా? మళ్లీ చప్పట్లు కొట్టి మరీ పంపించారు.

ఇంట్లో మా ఆవిడ పచ్చి కట్టెలు ఊదుతూ, "అరబ్బులు దిగొచ్చినారా?" అని అడిగింది. మీలో ఎవరింట్లోనైనా ఒక సీసాడు కిరసనాయిలు మిగిలుంటే చెప్పండి, దేశం సంగతి అన్నం తిన్నాక మాట్లాడుకుందాం.