డ్యూటీలో నిద్ర

ఈరోజు నేను నిద్రపోతున్న మనిషిని ఫొటో తీసి సైట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద ‘డ్యూటీలో నిద్ర’ అని రాశాను. అప్పుడు టైం పన్నెండు నలభై. మాకు భోజనం ఒంటిగంటకు.

దుబాయ్‌లోని అల్ వర్సాన్‌లో గోదాము కడుతున్నాం. నేను సేఫ్టీ చూస్తాను. ఆ మనిషి చైనా కంపెనీ తరఫున వచ్చిన ఎలక్ట్రీషియన్. ప్యానెల్ బోర్డుల వెనక అట్టపెట్టె విప్పి పరుచుకుని, బూట్లు జతగా పక్కన పెట్టి, హెల్మెట్ పొట్ట మీద పెట్టుకుని పడుకున్నాడు. పని ఎగ్గొట్టేవాడు అంత పద్ధతిగా పడుకోడని నాకు తట్టాల్సింది.

తట్టలేదు. కారణం ఒప్పుకోవాలి. మా వాళ్లు మూడు రోజులు లాగే వైరింగ్ ఆ చైనావాళ్లు ఒక్క రోజులో ముగిస్తారు. మా మేనేజర్, ఇక్కడి మాటలో ముదీర్, ప్రతి మీటింగులో ఆ మాట ఎత్తుతాడు. వాళ్లలో ఒక్కడు దొరికితే చాలని చాలా రోజులుగా చూస్తున్నాను. సేఫ్టీకీ దీనికీ సంబంధం లేదు.

రెండు నిమిషాల్లో ముదీర్ జవాబు వచ్చింది: ‘వీడికిది రెండో వార్నింగ్. ఖలాస్. ఇంటికి టికెట్ తీయండి.’

పక్కనే గోడ కొలుస్తున్న నెల్లూరు మేస్త్రీ ఫోన్ చూసి టేపు కింద పెట్టాడు.

“ఏందబ్బయ్యా ఇది? వాళ్లు తెల్లారి ఐదుకే దిగతారు గదా. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా వాళ్లకి అన్నం టైం. తిని కాసేపు పడుకుంటారు. వాళ్ల అలవాటది.”

“నాకు తెలీదు బాబాయ్.”

“గేటుకాడ కాగితంలో ఉండాది. అంటించింది నువ్వే.”

నిజమే. అంటించాను. చదవలేదు.

ముదీర్ క్యాబిన్‌కు వెళ్లి చెప్పాను. ఆయనది హైదరాబాద్. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

“పడుకున్నోడు సక్కగనే ఉన్నడు. లేచి తిర్గెటోడే నిద్రపోతుండు. వార్నింగ్ లెటర్ టైపైంది భాయ్, ఇప్పుడెవ్వనికియ్యాలె?”

“నాకే ఇవ్వండి సార్.”

“ఫైల్ల ఉంటది మల్ల.”

“ఉండనివ్వండి.”

అతని పేరు కొట్టేసి నాది రాశారు. సంతకం పెట్టాను. గ్రూపులో ఫొటో తీసేసి, ‘అది అతని భోజన సమయం. చూసుకోకుండా పెట్టాను. తప్పు నాది’ అని రాశాను. చాలామంది బొటనవేళ్లు పెట్టారు.

అప్పటికే అతనికి కబురు అందినట్టుంది. సామాన్లు సంచిలో సర్దుకుంటున్నాడు. నా క్షమాపణ ఫోన్‌లో చైనీస్‌లోకి మార్చి చూపించాను. రెండుసార్లు చదివాడు. గడియారం చూసుకున్నాడు. ఇంకా ఇరవై నిమిషాలున్నాయని వేళ్లతో చెప్పి, సంచి తలకింద పెట్టుకుని మళ్లీ పడుకున్నాడు.

ఒకటిన్నర దాకా ఎవరూ అటు రాకుండా నేను ఆ ప్యానెళ్ల ముందు నిలబడ్డాను.